సమతాస్థితి లెక్కకు మూడు వరుసలు

ఈఏపీసెట్‌కు చదివినా, జేఈఈ మెయిన్‌కు చదివినా ‘తర్వాత చూద్దాంలే’ అని చాలామంది పక్కన పెట్టే చాప్టర్ రసాయన సమతాస్థితి. పక్కన పెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు. బలహీన ఆమ్లాల పీహెచ్, బఫర్ ద్రావణాలు, ద్రావణీయతా లబ్ధం అన్నీ దీని మీదే నిలబడ్డాయి. ఇక్కడ పట్టు దొరికితే అయానిక సమతాస్థితి సగం వచ్చేసినట్టే.

ఈ చాప్టర్‌కి ఫార్ములాల చిట్టా ఒకటి చేతులు మారుతుంటుంది. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌కు ఒకటి, హైడ్రోజన్ అయొడైడ్‌కు ఒకటి, అమోనియాకు మరొకటి. దయచేసి దాన్ని బట్టీ పట్టకండి. పాత్రలో మొదటే కొంత ఉత్పన్నం ఉందని ప్రశ్నలో ఒక్క ముక్క కలిపితే చాలు, ఆ ఫార్ములా చెల్లదు. దాని బదులు సమీకరణం రాసి కింద మూడు వరుసలు వేయండి: మొదట ఎన్ని మోల్‌లు, ఎంత మార్పు, సమతాస్థితి దగ్గర ఎన్ని. మార్పు వరుసలో సమీకరణంలోని గుణకాలే రావాలి. మొదటి, మూడో వరుసలు మాత్రం వాటికి కట్టుబడి ఉండవు. ఈ తేడా తెలియకే సగం లెక్కలు పోతాయి.

ఒక లెక్క చూద్దాం. 2 లీటర్ల పాత్రలో 1 మోల్ ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ తీసుకున్నారు. 40 శాతం వియోగం చెందింది. సమతాస్థితి స్థిరాంకం కేసీ ఎంత? మూడో వరుసలో పెంటాక్లోరైడ్ 0.6, ట్రైక్లోరైడ్ 0.4, క్లోరిన్ 0.4 మోల్‌లు. తొందరలో వీటినే పెట్టేస్తే 0.16ను 0.6తో భాగించి 0.267 అంటారు. ఆ అంకె ఆప్షన్లలో ఉండే అవకాశం బాగా ఉంది! కేసీకి కావాల్సింది గాఢతలు. 2 లీటర్లతో భాగిస్తే 0.3, 0.2, 0.2. జవాబు 0.133.

అదే హైడ్రోజన్, అయొడిన్ చెరో మోల్ తీసుకుంటే పాత్ర ఎంతదైనా ఫరవాలేదు. రెండు వైపులా వాయు మోల్‌లు సమానం కాబట్టి ఘనపరిమాణం కొట్టుకుపోతుంది. కేసీ 64 అనుకోండి. 2ఎక్స్ వర్గాన్ని (1-ఎక్స్) వర్గంతో భాగిస్తే 64. వర్గసమీకరణం జోలికి వెళ్లకుండా రెండు వైపులా వర్గమూలం తీయండి. ఎక్స్ 0.8, హైడ్రోజన్ అయొడైడ్ 1.6 మోల్‌లు. పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు. కాబట్టి ఇలాంటి దారి ఉందేమో ముందు చూడాలి.

స్థిరాంకం బాగా చిన్నదైతే మరో వెసులుబాటు ఉంది. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి వియోగ స్థిరాంకం కేఏ 1.8×10⁻⁵. 0.1 నుంచి ఎక్స్‌ను తీసేయకుండా వదిలేస్తే ఎక్స్ 0.00134, పూర్తి వర్గసమీకరణం సాధిస్తే 0.00133. తేడా లేనట్టే. వదిలేసిన ఎక్స్ మొదటి గాఢతలో 5 శాతం దాటితే మాత్రం వర్గసమీకరణం తప్పదు.

లీ షాట్లియర్ సూత్రం మీద వచ్చే ప్రశ్నల్లో ఒక మెలిక గుర్తుంచుకోండి. స్థిర ఘనపరిమాణం దగ్గర జడవాయువు కలిపితే సమతాస్థితి కదలదు. స్థిర పీడనం దగ్గర కలిపితే ఎక్కువ వాయు మోల్‌లున్న వైపు జరుగుతుంది. గాఢత మార్చినా, పీడనం మార్చినా, ఉత్ప్రేరకం వేసినా స్థిరాంకం విలువ మారదు. దాన్ని మార్చేది ఉష్ణోగ్రత ఒక్కటే. కెమికల్ ఇంజినీరింగ్ వైపు వెళ్లాలనుకునేవారు హేబర్ పద్ధతిని మార్కుల కోసమే చదవొద్దు. అమోనియా తయారీ ఉష్ణమోచక చర్య. చల్లగా ఉంటే దిగుబడి ఎక్కువ, కానీ చర్య నత్తనడక. అందుకే ఇనుప ఉత్ప్రేరకంతో 450 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, అధిక పీడనం దగ్గర నడుపుతారు. రామగుండం యూరియా కర్మాగారంలో చేరే ఇంజినీరుకు కూడా రోజూ ఎదురయ్యేది ఈ బేరమే.

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. పట్టిక వేస్తూ కూర్చుంటే టైమ్ చాలదని భయం వేయడం సహజం. అందుకు సాధన వేరుగా చేయాలి. పాత ప్రశ్నపత్రాల నుంచి సమతాస్థితి బిట్లన్నీ ఒకచోట రాసుకుని, జవాబు జోలికి పోకుండా మూడు వరుసలు మాత్రమే వేస్తూ పోండి. మోల్‌లా, గాఢతలా, పాక్షిక పీడనాలా అన్నది పక్కన రాయండి. కాల్షియం కార్బొనేట్ లాంటి ఘనపదార్థం కనిపిస్తే గడి కొట్టేయండి. లెక్క కట్టడం మర్నాడు, అదే కాగితం మీద.