అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు ఎంత దూరం నడుస్తుంది?

డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి ఏడాదికి వచ్చిన పిల్లలున్న ఇళ్లలో, హుస్నాబాద్ చుట్టుపక్కల, ఒక సలహా తరచూ వినిపిస్తుంది: "ప్రాజెక్టుదేముంది బిడ్డా, పైసలిస్తే అమీర్‌పేటల దొరుకుతది. నువ్వు కోచింగ్ మీద మనసు పెట్టు." పెద్దవాళ్ల లెక్కలో ప్రాజెక్టంటే బైండింగ్ చేయించి, సంతకాలు పెట్టించి, కాలేజీలో అప్పజెప్పే కాగితాల కట్ట. బతుకునిచ్చేవి మార్కులు, కోచింగ్, ఆపైన అమెరికాలో ఎంఎస్ అని వాళ్ల నమ్మకం. ఈ నమ్మకం తప్పు. మూడు నాలుగేళ్ల చదువులో "ఈ మాట ఫలానావారిది, ఈ మాట నాది" అని విద్యార్థి విడదీసి చూపాల్సి వచ్చేది ప్రాజెక్టులోనే. పరిశోధనలోనైనా, పత్రికలోనైనా, కోర్టులోనైనా, కంపెనీ రిపోర్టులోనైనా రేపు అడిగేది ఇదే. దాన్ని డబ్బిచ్చి బయట చేయిస్తే మిగిలేది బైండింగ్ మాత్రమే.

హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే దుకాణాల పద్ధతి అందరికీ తెలిసిందే. ఒకే కోడు, ఒకే రిపోర్టు, పైపేజీ మీద పేరు మారుతుంది. గత బ్యాచ్‌కు అమ్మిందే ఈ బ్యాచ్‌కూ వస్తుంది. ఉద్యోగ ఇంటర్వ్యూలో కొత్త పట్టభద్రుణ్ని ముందుగా అడిగేది తన ప్రాజెక్టు గురించే. ఈ పద్ధతి ఎందుకు ఎంచుకున్నావు, నీకంటే ముందు ఎవరు చేశారు, వాళ్లకూ నీకూ తేడా ఏమిటి అని మూడు ప్రశ్నలు పడితే కొన్న రిపోర్టు నోరు విప్పదు. డబ్బు పోవడం చిన్న నష్టమే. అన్ని పరీక్షలూ దాటివచ్చిన పిల్లవాడు తన పేరున్న పని ముందే తెల్లమొహం వేయడం పెద్ద నష్టం. దానికి కారణం ఆ సలహా ఇచ్చిన పెద్దలే.

"ఎవరు చూడొచ్చారు?" అన్నది మొదటి అభ్యంతరం. చూస్తారు. దొంగరాతల మీద విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. పీజీ, పరిశోధన విద్యార్థుల రాతలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 శాతం దాకా ఉంటే ఆరు నెలల లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాకా ఉంటే ఏడాదిపాటు సవరించి ఇవ్వడానికి కూడా వీల్లేదు. అదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పట్టా చేతికొచ్చాక బయటపడినా దాన్ని నిలిపి ఉంచే అధికారం విశ్వవిద్యాలయానికి ఉంది. డిగ్రీ విద్యార్థికి ఈ శిక్షలు వర్తించవు కదా అని ఊరట పడితే అది పొరపాటు. డిగ్రీలో పడిన అలవాటే పీజీకి వెంట వస్తుంది. ఆచార్యులకైనా మినహాయింపు లేదు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక రసాయనశాస్త్ర ఆచార్యుడి పేరిట వచ్చిన 70కి పైగా పరిశోధన పత్రాల్లో ఇతరుల పనిని కాజేయడమో, ఫలితాలను కల్పించడమో జరిగిందని 2008లో ప్రపంచమంతా చదివింది. జర్మనీలో విద్యాశాఖ మంత్రిగా ఉన్న ఆనెట్ షావాన్ 1980లో పొందిన డాక్టరేటును 2013లో విశ్వవిద్యాలయం వెనక్కు తీసుకుంది, ఆమె పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆమె సిద్ధాంత గ్రంథం మనస్సాక్షి గురించి కావడం విచిత్రం. ముప్పై మూడేళ్ల తర్వాత కూడా పాత కాగితం తెరిచి చూసేవాళ్లుంటారు.

యూజీసీ పెట్టిన ఈ శాతాల వల్ల ఇంకో కోచింగ్ పుట్టింది. "పోలిక తగ్గించి ఇస్తాం" అనే ప్రకటనలు అడుగడుగునా కనిపిస్తున్నాయి. వాళ్లు చేసేది మాటలు అటూ ఇటూ మార్చడం, ఒక పదం తీసి దాని పర్యాయపదం పెట్టడం. అప్పుడు సాఫ్ట్‌వేర్ 8 శాతం చూపుతుంది, ఆలోచన మాత్రం నూటికి నూరుపాళ్లూ ఇంకొకరిదే. మరోవైపు, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఎవరిదో చెప్పి ఎత్తిరాసిన వాక్యాలను ఆ నిబంధనలు పోలిక లెక్కలోంచే తీసేయమంటున్నాయి. అంటే నిజాయితీగా చెప్పుకున్నవాడికి భయం లేదు, దాచుకున్నవాడే శాతం లెక్కబెట్టుకోవాలి. మార్గదర్శకులు కూడా పిల్లల్ని "నీ శాతం ఎంత?" అని అడగడం మాని "ఈ వాక్యం నీకెక్కడ దొరికింది?" అని అడిగితే సగం రోగం తగ్గుతుంది.

ఆధారం చెప్పడమంటే చివరి పేజీలో పుస్తకాల పట్టిక అతికించడం అనుకుంటారు. నిజానికి ఆధారం చెప్పడం ఒక ఆలోచించే పద్ధతి. దానికి మంచి ఉదాహరణ మన పక్కనే ఉంది. సైదాపూర్ మండలం సర్వాయిపేటలో మొగలుల కాలం నాటి సర్వాయి పాపన్న కోట ఉంది. దాని మీద ఒక డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టు చేస్తున్నాడనుకుందాం. యూట్యూబ్ వీడియోలు, వికీపీడియా కలిపి రాస్తే ఒక పేజీలో పాపన్న బందిపోటు, మరో పేజీలో మహావీరుడు అవుతాడు, రాసినవాడికి ఆ తేడా కూడా కనబడదు. ఏ మాట ఎవరిదో వెతికితే కథే మారిపోతుంది. పాపన్నను దోపిడీదారుగా రాసింది మొగల్ పక్షాన పారశీకంలో చరిత్ర రాసిన ఖాఫీ ఖాన్. వీరుడిగా కీర్తించింది జనం పాడుకున్న గాథ. దాన్ని జె.ఎ. బాయిల్ 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ'లో అచ్చు వేయించాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో వ్యాసం రాశారు. రిచర్డ్ ఈటన్ 2005లో వచ్చిన దక్కన్ సామాజిక చరిత్రలో పాపన్నకు ఒక అధ్యాయమే కేటాయించాడు. 1708లో ఓరుగల్లు మీద దాడి చేసి, 1710లో హతుడైన ఒక మనిషిని దర్బారు ఒకలా, జనం మరోలా ఎందుకు చూశారన్నదే అప్పుడు ప్రాజెక్టు ప్రశ్న అవుతుంది. ఆధారాలు విడదీయకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

ఇక్కడే పిల్లలు చేసే ఒక పొరపాటు చెప్పాలి. ఖాఫీ ఖాన్ మాటలను ఈటన్ పుస్తకంలో చదివి, నేరుగా ఖాఫీ ఖాన్‌నే చదివినట్టు రాస్తారు. ఈటన్ ద్వారా తెలిసిందని రాస్తే పరువేమీ పోదు, రాయకపోతే ఈటన్ పడ్డ శ్రమ మనం పడ్డట్టు చెప్పుకున్నట్టే. నోటిమాటకూ ఇదే న్యాయం. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో తెలంగాణ సాయుధ పోరాట యోధుడు అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన సహచరులు నేలకొరిగారు. ఆ సంగతి ఇంట్లో విన్న పెద్దలు ఊళ్లలో ఇంకా ఉండవచ్చు. వాళ్ల దగ్గర విన్నది రాసినప్పుడు, అనుమతి తీసుకుని, ఎవరు, ఏ ఊరు, ఏ తేదీన చెప్పారో పెట్టాలి. "స్థానికుల కథనం ప్రకారం" అని సరిపెట్టడం చెప్పిన ముసలాయనకు అన్యాయం. పుస్తకం రాసినవాడికి దక్కే గౌరవం ఊరి ముసలమ్మకూ దక్కాలి.

రెండో అభ్యంతరం బలమైనదే. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లిష్‌లో సొంతంగా ఎట్లా రాస్తారు, ఎత్తిరాయక ఏం చేస్తారు? గైడు కంఠస్థం చేసి ఉన్నదున్నట్టు దింపితేనే పదో తరగతి నుంచీ మార్కులేసి, ఇప్పుడు సొంత మాటలు రాయమనడం ఏం న్యాయం? నిజమే, తప్పు పిల్లలది కాదు. ఇంటర్ రెండేళ్లూ పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టి బిట్లు బట్టీ పట్టించిన కార్పొరేట్ కాలేజీలకూ, వాటికి అప్పు చేసి ఫీజు కట్టిన మనకూ అందులో వాటా ఉంది. కానీ దానికి మందు కొనుగోలు కాదు. చదివిన పేజీ మూసేసి, అర్థమైంది ముందు తెలుగులో రాసుకుని, ఆ తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టడం ఎవరికైనా వస్తుంది. వ్యాకరణం తప్పయితే మార్గదర్శకుడు దిద్దుతాడు. ఒక్క జాగ్రత్త: ఇంగ్లిష్ పుస్తకంలోది తెలుగులోకి మార్చినంత మాత్రాన అది మనదైపోదు. అనువాదానికీ ఆధారం చెప్పాల్సిందే.

"ఇప్పుడు ఏఐ రాసిపెడుతుంది కదా" అనేది కొత్త ధీమా. అది వాక్యంతోపాటు ఒక్కోసారి ఆధారాన్నీ కల్పిస్తుంది. లేని పుస్తకానికి రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు ముచ్చటగా ఇస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు, వాళ్ల సంస్థతో కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది. అమెరికా ఎంఎస్ మోజులో ఉన్న ఇళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఒకే అచ్చులో పోసిన దరఖాస్తు వ్యాసంతో సీటు రావచ్చు. కానీ అక్కడ మొదటి సెమిస్టర్ అసైన్‌మెంట్లోనే కాపీ బయటపడి విశ్వవిద్యాలయం సస్పెండ్ చేస్తే ఎఫ్-1 విద్యార్థి వీసా హోదాకే ముప్పు. భూమి కుదువపెట్టి తెచ్చిన లక్షల అప్పు మాత్రం ఇక్కడే ఉంటుంది. కొన్న ప్రాజెక్టుతో మొదలైన అలవాటుకు అసలు ఖరీదు అది.

హుస్నాబాద్ పిల్లలకు దగ్గరి దారులు చిన్నవేమీ కావు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులకు కళాశాల విద్యాశాఖ 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ పెడుతుంది. శాతవాహన విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల కూడా ఇప్పుడు హుస్నాబాద్‌కే వచ్చింది. నగరం దుకాణంలో కొన్న ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్టు కంటే, ఎల్లమ్మ చెరువు మీదో పాపన్న కోట మీదో సొంతంగా చేసి, పది ఆధారాలు సరిగ్గా చూపిన ప్రాజెక్టు చాలా మెరుగు. తల్లిదండ్రులు చేయాల్సింది ఒక్కటే. చివరి సెమిస్టర్‌లో రెండు నెలలు కోచింగ్ మాట ఎత్తకుండా పిల్లల్ని వాళ్ల పనికి వదిలేయండి. ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో సిద్ధాంత గ్రంథాలు చదవడానికి రుసుము లేదు, ఆధారాలు రాసిపెట్టుకునే జొటెరో ఉచితం, సర్వాయిపేటకు బండి మీద పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు.