ఆ పీరియడ్‌కు ఫీజు కట్టాలా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. భావోద్వేగ శిక్షణకు వారానికి రెండు పీరియడ్లట, అదనపు ఫీజు కట్టమంటున్నారు. అవసరమా?
– ఒక తల్లి, బసవకళ్యాణ్

జవాబు: అమ్మా, కోపం ఆపుకోవడం, తోటివాడి బాధ గుర్తించడం, తగువును మాటలతో తీర్చుకోవడం నేర్పితే వచ్చేవే. 2011లో పరిశోధకుడు జోసెఫ్ డర్లాక్ బృందం ఇలాంటి 213 బడి కార్యక్రమాలను, సుమారు 2.7 లక్షల మంది పిల్లల ఫలితాలను కలిపి చూసింది. ప్రవర్తనతో పాటు చదువూ మెరుగుపడింది. నూరుమందిలో 50వ ర్యాంకువాడు 39కి చేరినంత! కానీ చదువులో ఆ లాభం బడి సొంత టీచర్లు నేర్పినచోటే కనిపించింది. బయటివాళ్లు వచ్చి చెప్పినచోట కాదు. మీ సమస్యకు కీలకం ఇదే.

రూపాయికి పదకొండు రూపాయల లాభం అని బడివాళ్లు చెప్పొచ్చు. అది 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు ఇలాంటి ఆరు కార్యక్రమాలకు వేసిన లెక్క. మీ ఫీజుకు వర్తించదు.

అసలు ఖర్చు డబ్బు కాదు, సమయం. ఏ పీరియడ్ కోసి ఇది పెడుతున్నారో అడగండి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పుస్తకంలో ఇంగ్లిష్ అయితే, బాబు మనసులోది ఏ భాషలో చెప్పాలో కూడా అడగండి. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో ఇలాంటివే నేర్పడానికి మొదలైన హ్యాపీనెస్ క్లాసుకు పరీక్షలే పెట్టలేదు. ఒకప్పుడు జనం కులం చూడకుండా అనుభవ మంటపమనే సభలో కలిసి కూర్చున్నారని చెప్పుకునే ఊరు మీది. తోటివాళ్లతో కలిసిమెలిసి ఉండటం నేర్చుకోవడానికి వర్క్‌బుక్ కొనాలా?

క్లాస్ టీచరే నేర్పుతూ, చదవడం, లెక్కల పీరియడ్లు తగ్గించకపోతే ఒప్పుకోండి. బయటి ఏజెన్సీ, వర్క్‌బుక్, సర్టిఫికెట్ అంటే మాత్రం కట్టకండి.