ఫోన్‌లో ఫొటో ఎడిటింగ్: ఫిల్టర్ దాటితేనే పని

ఫిల్టర్ వేయడం ఫోన్ ఉన్న ప్రతివాళ్లకీ వచ్చు. దానికి ఎవరూ డబ్బివ్వరు. ఫొటోలో చూసిన మంగళగిరి చీర, పార్సిల్ విప్పినప్పుడూ అదే రంగులో కనిపించేలా చేయగలిగితే మాత్రం పని దొరుకుతుంది. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో చీరలు, నగలు, పచ్చళ్లు అమ్ముకునే చిన్న వ్యాపారులు మన చుట్టూ ఎందరో. చదువుకుంటూనే నాలుగు డబ్బులు సంపాదించాలనుకునేవాళ్లు ముందు అడగాల్సింది వాళ్లనే.

నేర్చుకోవడానికి స్నాప్‌సీడ్ చాలు. ఇది 2011లో వచ్చింది. తయారుచేసిన నిక్ సాఫ్ట్‌వేర్‌ను మరుసటి ఏడాది గూగుల్ కొనుక్కుంది. యాప్ ఉచితమే. తలా ఒకటి చెప్పారని అరడజను యాప్‌లు వేసుకోకండి, దీన్నే లోతుగా పట్టండి. ముందు వైట్ బ్యాలెన్స్. ట్యూబ్‌లైటు కింద తీసిన తెల్ల పంచె నీలంగానో పచ్చగానో తేలుతుంది. దాన్ని మళ్లీ తెల్లగా చేయడమే మొదటి పాఠం. ఆపైన సెలెక్టివ్: జరీ అంచు మీద వేలు పెట్టి ఆ మెరుపును మాత్రమే పెంచొచ్చు. శాచురేషన్ (రంగుల గాఢత) జోలికి తొందరపడి పోవద్దు. అది పెంచితే ఫొటోకి లైకులొస్తాయి, చీర వాపసొస్తుంది.

సరదాకి చేసేవాటిలో స్వేచ్ఛ ఎక్కువే: ఒక ఫొటో మీద మరో ఫొటో పరిచే డబుల్ ఎక్స్‌పోజర్‌తో నేత కార్మికుడి చేతుల మీద మగ్గం పోగులు పరచి పోస్టర్ చేయండి, చాలా బాగుంటుంది. వార్తా ఫొటోకి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. 1982 ఫిబ్రవరి ముఖచిత్రం కోసం ఫొటోలో గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపినందుకు నేషనల్ జియోగ్రాఫిక్ అంతటి పత్రికే విమర్శల పాలైంది. పత్రికల్లో చేరాలనుకునేవాళ్లు ఈ హద్దును ఇప్పుడే తెలుసుకోవాలి.

పని అడగడానికి వెళ్లినప్పుడు విడివిడి అందాలు చూపకండి. ఒకే దుకాణం సరుకు పది ఫొటోల్లో ఒకే వెలుగులో ఉన్న వరుస చూపండి, పక్కనే ఎడిట్ చేయని ఫొటోలు పెట్టండి. అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి అచ్చ తెలుపు బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. ఇలాంటి నిబంధనలు తెలిసినవాళ్లనే వ్యాపారి మళ్లీ పిలుస్తాడు. ఫొటోకి ఇంత, ఎన్నిసార్లు మార్చి ఇస్తారు అన్నవి ముందే మాట్లాడుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి.

ఈ పని మనసుకి నచ్చితే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఫొటోగ్రఫీలో బీఎఫ్ఏ చేయొచ్చు. ప్రవేశ పరీక్ష ఉంటుంది.