కొత్త పాల సంఘం: తొలి 15 రోజుల పాఠం

సంఘం రిజిస్టరు కాగానే పని పూర్తయిందనుకోరాదు. పాలకవర్గ సభ్యులు, కార్యదర్శి, పాల పరీక్షకుడు, క్యాన్లు ఎత్తే సహాయకుడు, వీరంతా నిన్నటి వరకు ఎవరి పని వారు చూసుకున్నవారే. వీరు ఒక జట్టుగా కుదిరితేనే సంఘం నిలుస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొత్తగా సంఘం పెట్టుకునే గ్రామాల కోసం ఆ తొలి మెట్లను ఇక్కడ వివరిస్తున్నాము.

1. చిన్నగా మొదలుపెట్టండి. గుజరాత్‌లోని కైరా జిల్లా పాల యూనియన్ 1946లో రిజిస్టరు అయింది. 1948 జూన్‌లో పని ప్రారంభించినప్పుడు దాని వెనుక ఉన్నవి రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు మాత్రమే. అదే తరువాత అమూల్‌గా పేరు పొందింది. కనుక తొలిరోజే ఊరంతా పాలు పోయాలని పట్టుపట్టవద్దు. వచ్చిన పాలకు లెక్క తప్పకుండా చూడండి.

2. పనులు పంచుకోండి. నమూనా ఎవరు తీయాలి, రిజిస్టరు ఎవరు రాయాలి, వ్యాను వేళకు క్యాన్లు ఎవరు చేర్చాలి అన్నది కాగితంపై రాసి కేంద్రం గోడకు అంటించండి. ప్రతి పనీ మరొకరికి కూడా నేర్పించండి. గోదావరికి వరద వచ్చి లంక దారి మునిగిన రోజున పరీక్షకుడు రాలేకపోవచ్చు. గేదె మాత్రం పాలు ఇవ్వక మానదు.

3. సభ్యుల కళ్లెదుటే పరీక్షించండి. పాలను బాగా కలిపిన తరువాతే నమూనా తీయాలి. కలపకుండా తీస్తే వెన్న శాతం తప్పు వస్తుంది. రోజుకు 5 కిలోల పాలు పోసే సభ్యురాలికి వెన్న అర శాతం తక్కువ పడిందనుకుందాం. రోజుకు 25 గ్రాములు, 15 రోజులకు 375 గ్రాముల వెన్న లెక్కలోకి రాదు. కిలో వెన్నకు 800 రూపాయల ధర కడితే ఆమెకు నష్టం 300 రూపాయలు. ఇలా రెండుసార్లు జరిగితే ఆమె పాలు ప్రైవేటు వ్యాపారి క్యానులోకి పోతాయి. ఒకసారి పోయిన నమ్మకం తిరిగి రావడం కష్టం.

4. చెప్పిన రోజున సొమ్ము చెల్లించండి. ఆలస్యం తప్పనిసరైతే ముందురోజే కారణం చెప్పండి.

5. ఆగి చూసుకోండి. ప్రతి చెల్లింపు మరునాడు జట్టంతా ఒక గంట కూర్చోవాలి. ఏది బాగా జరిగింది? ఎక్కడ ఇబ్బంది వచ్చింది? వచ్చే చెల్లింపులోగా ఏ ఒక్కటి మార్చాలి? తప్పు ఎవరిదని కాక, ఎందుకు జరిగిందని అడగాలి. నిర్ణయాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, తదుపరి సమావేశాన్ని దానిని చదవడంతోనే మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి పాల సంఘాలకే కాదు. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో సమావేశమైన 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు, తక్కువ గడువులో పనిచేసి, చూసుకొని, సరిదిద్దుకొనే తమ పద్ధతులకు ‘అజైల్’ అని పేరు పెట్టారు. కంప్యూటర్ కొలువుల్లో ఉన్న మన పిల్లలను అడిగితే చెబుతారు. వారికి గడువు రెండు మూడు వారాలైతే, మనకు పాల చెల్లింపే గడువు.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు:
(అ) మన కేంద్రంలో ఒక్కరికే తెలిసిన పని ఏది?
(ఆ) గత చెల్లింపులో ఏ సభ్యునికి సందేహం వచ్చింది? దానిని తీర్చామా?
(ఇ) వరద రోజుల్లో పాలు ఏ దారిన, ఎవరి చేత పంపాలి?