ఎముక ఎండుకట్టె కాదు



ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కోడికూర వండితే కాలి ముక్క కోసం పిల్లలు పోటీపడతారు. తిన్న తరువాత ఎముకను పారవేస్తాం. ఈసారి రెండు ఎముకలను దాచి శుభ్రంగా కడగండి. ఒకదానిని గాజు సీసాలో వేసి, మునిగేటట్లు వెనిగర్ పోయండి. రోజు విడిచి రోజు ఆ వెనిగర్ మార్చండి. రెండవదానిని పెద్దవారే దగ్గరుండి కట్టెల పొయ్యి నిప్పులలో బాగా కాల్చి, చల్లారనివ్వండి.

వారం రోజుల తరువాత సీసాలోని ఎముకను తీసి చూడండి. అది రబ్బరు ముక్కలాగా వంగుతుంది, విరగదు. నిప్పులలో కాలినది తెల్లగా, చూపులకు ఎముకలాగే ఉంటుంది గాని, నొక్కితే పొడిపొడి అవుతుంది. ఎందుకని?

ఎముకలో రెండు పదార్థాలు కలిసి ఉన్నాయి. ఒకటి కాల్షియం, ఫాస్ఫరస్‌లతో ఏర్పడిన గట్టి ఖనిజం. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు ఇదే. రెండవది కొల్లాజెన్ అనే మాంసకృత్తు దారాలు. వెనిగర్ ఖనిజాన్ని కరిగించింది, దారాలు మిగిలాయి. నిప్పు దారాలను కాల్చివేసింది, ఖనిజం మిగిలింది. దారాలే ఉంటే ఎముక బరువు మోయలేదు. ఖనిజమే ఉంటే కుండపెంకులాగా పగులుతుంది. కాబట్టి బలమంటే గట్టిదనం ఒక్కటే కాదు. ఈ వారం పాఠంలో మనం గుర్తుంచుకోవలసిన మొదటి మాట ఇది.

ఎముకలు లేని ప్రాణులు

వానాకాలంలో మట్టి తవ్వితే వానపాము కనిపిస్తుంది. దానికి ఒక్క ఎముక కూడా లేదు. అయినా గట్టి నేలను తొలుచుకొని పోతుంది. దాని శరీరం వంద ఉంగరాలను వరుసగా పేర్చినట్లు ఉంటుంది. ప్రతి ఉంగరంలోనూ ద్రవం నిండి ఉంటుంది. నీటిని ఎంత నొక్కినా దాని పరిమాణం తగ్గదు కదా! చుట్టూ ఉన్న కండరాలు బిగిస్తే వానపాము సన్నబడి ముందుకు సాగుతుంది. పొడవునా ఉన్న కండరాలు బిగిస్తే పొట్టిగా, లావుగా అయి మట్టిని పక్కకు తోస్తుంది. దానికి నీరే ఎముక.

రొయ్య, పీతల సంగతి వేరు. వాటి ఆసరా ఒంటి వెలుపల ఉంటుంది. కైటిన్ అనే పదార్థం, కాల్షియం కలిసిన గుల్ల అది. కవచం మంచిదే గాని అది పెరగదు. అందువలన రొయ్య ఎదగాలంటే, పాము కుబుసం విడిచినట్లు, పాత గుల్లను విడిచిపెట్టాలి. విడిచిన వెంటనే నీరు పీల్చుకొని ఒళ్ళు పెంచుకుంటుంది. ఆ తరువాత కొత్త గుల్ల గట్టిపడుతుంది. ఆ కొద్ది సమయం దానికి ప్రాణగండమే. మెత్తగా ఉన్నదానిని తోటి రొయ్యలే తినివేస్తాయి. గుల్ల గట్టిపడటానికి నీటిలో ఖనిజాలు చాలకపోతే ఎంత నష్టమో రొయ్యల చెరువులున్న కుటుంబాలకు బాగా తెలుసు.

కూల్చి కట్టే ఇల్లు

మన అస్థిపంజరం ఒంటి లోపల ఉన్నది. మనం గుల్ల విడవనక్కరలేదు. పుట్టిన బిడ్డకు సుమారు 270 నుండి 300 ఎముకలు ఉంటాయి. ఎదిగేకొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కొని పెద్దవారిలో 206 అవుతాయి. వీటిలో తొడ ఎముక అన్నిటికన్నా పొడవైనది. చెవిలో ఉండే చిన్న ఎముక పొడవు సుమారు 3 మిల్లీమీటర్లే.

ఎముకలు ఇంటికి వేసిన స్తంభాలవంటివని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. స్తంభం ఒకసారి పోస్తే అంతే. ఎముకలో మాత్రం పని ఎప్పుడూ ఆగదు. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాతబడిన ఎముకను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు ఆ ఖాళీలో కొత్త ఎముకను కడతాయి. ఈ విధంగా పెద్దవారి అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదవ వంతు కొత్తదవుతుంది. విరిగిన చేయి అతుక్కోవడం వెనుక ఉన్నదీ ఈ కణాల పనే.

ఎక్కడ బరువు పడితే అక్కడ ఎముక గట్టిపడుతుందనీ, బరువు లేనిచోట పలచబడుతుందనీ 1892లో జర్మనీ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ వివరించాడు. అంతరిక్షంలో బరువు తెలియదు కాబట్టి, అక్కడ నెలల తరబడి ఉన్నవారి తుంటి ఎముకలు నెలకు సుమారు నూటికి ఒక వంతు చొప్పున తగ్గిపోతాయి. మన ఇళ్ళలో ఎక్కువకాలం మంచంపట్టిన పెద్దల ఎముకలు కూడా అదే విధంగా బలహీనపడతాయి.

మన ఒంటిలోని కాల్షియంలో 99 శాతం ఎముకలలోనే ఉంది. గుండె కొట్టుకోవడానికి, నరాలు పనిచేయడానికి రక్తంలో కాల్షియం కావాలి. తిండిలో అది చాలకపోతే శరీరం ఎముకల నుండి తీసుకుంటుంది. అంటే ఎముక ఒక పొదుపు ఖాతా. సుమారు ముప్పయ్యేళ్ళ వరకు మనం దాచుకుంటాం. ఆ తరువాత తీయడమే ఎక్కువ. స్త్రీలకు నెలసరి ఆగిన తరువాత కొన్నేళ్ళపాటు ఈ తరుగుదల మరీ వేగంగా ఉంటుంది. స్నానాల గదిలో జారిపడిన నాయనమ్మ తుంటి విరగడానికి కారణం ఆ రోజు పడటం మాత్రమే కాదు, ఎన్నో ఏళ్ళుగా ఖాతా ఖాళీ అవుతూ రావడం కూడా.

కణానికీ ఆసరా కావాలి

ఎముకను కట్టేవి కణాలే. మరి ఆ కణాన్ని నిలబెట్టేది ఏది? కణమంటే జావ నింపిన సంచి కాదు. దాని లోపల సన్నని గొట్టాలు, దారాలు అల్లుకొని ఉంటాయి. దీనినే కణ అస్థిపంజరం అంటారు. గొట్టాలను మైక్రోట్యూబ్యూళ్ళు అంటారు. 40 వేల గొట్టాలను పక్కపక్కన పేర్చితే ఒక మిల్లీమీటరు వెడల్పు వస్తుంది! వీటికన్నా సన్నని ఆక్టిన్ దారాలు కణం కదలడానికి, కండరం బిగియడానికి తోడ్పడతాయి. మన చర్మానికి, గోళ్ళకు, వెంట్రుకలకు గట్టిదనమిచ్చే కెరటిన్ మూడవ రకం దారం.

ఇక్కడ కూడా అదే ధర్మం. ఎన్నో గొట్టాలు నిమిషాలలోనే పొడవు పెరుగుతాయి, కూలిపోతాయి, మళ్ళీ లేస్తాయి. ఒక కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరొక వైపు లాగి పంచేవి ఈ గొట్టాలే.

మన పెరట్లో పూచే బిళ్ళగన్నేరుకు దీనితో సంబంధం ఉంది. దాని ఆకుల కషాయం చక్కెర వ్యాధిని తగ్గిస్తుందనే మాట విని, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు 1950లలో పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని రక్తంలో తెల్లకణాలు తగ్గిపోవడం చూశారు. దానికి కారణమైన విన్‌బ్లాస్టిన్‌ను ఆకుల నుండి వేరుచేశారు. అది, దాని తోబుట్టువులాంటి విన్‌క్రిస్టిన్ కూడా కణంలోని గొట్టాల కట్టుబడిని చెడగొడతాయి. గొట్టాలు లేకపోతే క్యాన్సరు కణం విభజన చెందలేదు. ఈనాటికీ రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలకు విన్‌క్రిస్టిన్ ఇస్తున్నారు. అయితే ఒక హెచ్చరిక. షుగరు తగ్గుతుందని ఎవరో చెప్పారని ఈ ఆకు రసం తాగకండి. అందులోని విషం మంచి కణాన్ని, చెడ్డ కణాన్ని తేడా చూడదు.

గట్టిపడిన ఎముక బలమైనదేనా?

మళ్ళీ ఎముక దగ్గరకు వద్దాం. కూల్చడం, కట్టడం అనే ఈ సమతూకం తప్పితే ఏమవుతుందో మన తెలుగు గ్రామాలే సాక్ష్యం. అప్పటి నెల్లూరు జిల్లాలో నడుములు బిగుసుకుపోయిన రోగులను పరిశీలించిన వైద్యులు, తాగునీటిలోని ఫ్లోరైడు వలన వచ్చే వ్యాధి ఇదని 1937లో ప్రకటించారు. తరువాత నల్గొండ, ప్రకాశం జిల్లాలలో ఎన్నో గ్రామాలు ఇదే బాధ పడ్డాయి.

ఫ్లోరైడు ఎముక ఖనిజంలో చేరి కూర్చుంటుంది. కట్టే కణాలను అతిగా పనిచేయిస్తుంది. ఎక్స్‌రేలో ఆ ఎముక మామూలుకన్నా చిక్కగా కనిపిస్తుంది. కాని అది పెళుసుగా ఉంటుంది. కీళ్ళను కలిపే కట్లు సైతం ఎముకగా మారి, వెన్ను వంగిపోయి, మెడ తిరగదు. కాలిన కోడి ఎముకను గుర్తు చేసుకోండి. గట్టిదనం ఎక్కువైనంత మాత్రాన బలం రాదు.

ఒకసారి వంగిన వెన్నును మందులు తిరిగి నిలబెట్టలేవు. రాకుండా చూసుకోవడమే మార్గం. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ దానిని రూపొందించింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా తెలంగాణ గ్రామాలకు నదుల నీరు అందింది. అయినా బోరునీటినే తాగే ఇళ్ళు ఉంటే జాగ్రత్త పడాలి.

ఇంట్లో మనం చేయవలసినవి

1. బోరునీరు తాగేవారు దానిని పరీక్ష చేయించండి. లీటరుకు ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు.

2. పాలు, పెరుగు, రాగిజావ, నువ్వులు, ముల్లుతో సహా తినగల చిన్న చేపలు పిల్లలకు పెట్టండి. ఆడపిల్లలకు తక్కువ చేయకండి. రేపు తల్లి అయ్యేది, ఎముకల ఖాతా ఎక్కువ అవసరమయ్యేది ఆమెకే.

3. పిల్లలను ఎండలో ఆడుకోనివ్వండి. ఎండ తగిలితేనే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు.

4. పెద్దవారిని రోజూ కొంతసేపు నడిపించండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి.

పిల్లలకు ప్రశ్నలు

వానపాముకు ఆసరా ఇచ్చేది ఏది? రొయ్య గుల్లను ఎందుకు విడుస్తుంది? వెనిగర్‌లో వేసిన ఎముక ఎందుకు వంగింది? సమాధానాలను మీ నాయనమ్మకో, తాతయ్యకో చెప్పండి. చెప్పేటప్పుడు వారి చేయి పట్టుకొని వీధి చివరి వరకు నడిపించి తీసుకురండి. వారి ఎముకలకు అదే మందు.