ప్రశ్న దొరికాకే పీహెచ్‌డీ

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు చుట్టూ కొబ్బరి, జీడి తోటలు పరుచుకున్న సీమ ఉద్దానం. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. తాగే నీళ్ల వల్లా, పురుగుమందుల వల్లా, ఎండలో చేసే కష్టం వల్లా? అనుమానాలు చాలా ఉన్నాయి, అసలు కారణం ఇంకా తేలలేదు. డాక్టరు తన ముందున్న రోగికి డయాలసిస్ చేయిస్తారు. ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందని ఊరూరా తిరిగి లెక్కలు తీసేవారు ఎపిడెమియాలజిస్టులు. ఈ రంగంలో పీహెచ్‌డీ అంటే అలాంటి ఒక్క ప్రశ్నను పట్టుకుని ఏళ్ల తరబడి వదలకపోవడమే.

అందుకే, ఏ సంస్థ మంచిదని అడిగే విద్యార్థులను ముందు నేనే అడుగుతాను: మీకేం తెలుసుకోవాలనుంది?

దీనికి ఎంబీబీఎస్ తప్పనిసరి అనుకోవద్దు. ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), స్టాటిస్టిక్స్, నర్సింగ్, న్యూట్రిషన్, సోషియాలజీ చదివినవాళ్లూ ఈ దారిలో వస్తున్నారు. అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురం శ్రీచిత్రలోని అచ్యుత మీనన్ సెంటర్, ఢిల్లీలో జేఎన్‌యూ ఈ రంగంలో పేరున్నవి.

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1987-90 మధ్య నగరం చుట్టుపక్కల 29 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇస్తే ఏం మేలు జరుగుతుందో చూశారు. కొన్ని ఊళ్లలో ఇచ్చారు, మిగతావాటితో పోల్చారు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని గుండె, ఎముకలు, షుగర్ పరీక్షలు చేశారు. ఒకే సమూహాన్ని కాలక్రమంలో గమనించే ఈ పద్ధతినే కోహార్ట్ అధ్యయనం అంటారు. ఇలా ఏళ్ల కష్టంతో పోగైన డేటా మీద థీసిస్ రాయడం తక్కువ పనేమీ కాదు. కొత్త సర్వేకు డబ్బూ సమయమూ లేని విద్యార్థికి నా దృష్టిలో అదే మంచి దారి.

యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, సాధారణంగా గరిష్ఠంగా 6 ఏళ్లు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 అందుతాయి. ఇంటి బాధ్యతలున్నవాళ్లు జేఆర్‌ఎఫ్ లేకుండా చేరేముందు బాగా ఆలోచించుకోండి. చేరాక మీ అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ అనుమతి రావడానికే నెలలు పట్టొచ్చు. ఈలోగా గణాంకాల విశ్లేషణకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. ఆశా కార్యకర్త వెంట పది ఇళ్లు తిరగండి. మీ ప్రశ్నావళిలో ఏ మాట జనానికి అర్థం కావడం లేదో మొదటి ఇంట్లోనే తెలిసిపోతుంది.

గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన పేపర్లు చదవండి. ఆయన దగ్గర చేస్తున్న విద్యార్థులను కలిసి, థీసిస్ సమర్పించడానికి సీనియర్లకు ఎన్నేళ్లు పట్టిందో, రాసి పంపిన అధ్యాయం ఎన్ని వారాలకు తిరిగొస్తుందో అడగండి.