అమ్మవ్వ చూపిన దాసోహము



బసవేశ్వరుని బోధలలో కాయకము, దాసోహము అను రెండు మాటలు జంటగా వినబడుచుండును. కాయకమనగా సత్యముతో చేయు శ్రమ. ఆ శ్రమవలన లభించినదానిని, ‘నే నిచ్చుచున్నాను’ అను అహంకారము లేక, జంగమునకును సమాజమునకును సమర్పించుట దాసోహము. దానమునందు ఇచ్చువాడు పైమెట్టుమీద, పుచ్చుకొనువాడు క్రిందిమెట్టుమీద నిలుతురు. దాసోహమునందో ఇచ్చువాడే దాసుడు. ఈ భేదమును మన పెద్దలందఱు ఎఱుగుదురు. అయినను ఆపదలోనున్న కుటుంబములకును వారి పసిబిడ్డలకును మనము చేయుచున్న సహాయమునందు ఈ భేదము ఎంతవఱకు నిలిచియున్నది? ఈ పాఠమున ఆ ప్రశ్నను పరిశీలింతము.

1. బెజ్జమహాదేవి కథ

పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమునందు బెజ్జమహాదేవి కథ కలదు. ఆమె ముగ్ధభక్తురాలు. లోకములో అందఱికిని తల్లులుండగా శివునికి మాత్రము తల్లి లేదే యని ఆమెకు దిగులు కలిగెను. తల్లియే యున్నచో బిడ్డను విషము త్రాగనిచ్చునా? పాములను మెడకు చుట్టుకొననిచ్చునా? తోలు కట్టి వల్లకాటిలో తిరుగనిచ్చునా? ఇల్లిల్లు తిరిగి భిక్షమెత్తనిచ్చునా? ఇట్లు వగచి, వగచి యూరకుండక, తానే తల్లియై శివుని పసిబిడ్డగా భావించి, నీళ్లుపోసి, పాలుపట్టి, జోకొట్టి పెంచెను. ఆ వాత్సల్యమునకు మెచ్చి శివుడు ప్రత్యక్షమయ్యెను. ఆమెకు అమ్మవ్వ యను పేరు నిలిచెను.

ఈ కథనుండి మనము రెండు విషయములు నేర్చుకొనవలెను. మొదటిది: భిక్షమెత్తుటను, పాములతో తిరుగుటను ఆమె శివుని దోషములుగా చూడలేదు, తల్లి లేని లోటుగా చూచెను. రైల్వేస్టేషనులో చేయి చాచు బాలుని చూచినప్పుడు మనము మొదట అనుకొనునది ‘దొంగపిల్లవాడేమో’ యని. అమ్మవ్వ అయినచో ‘వీనికి తల్లి యేది?’ అని అడిగియుండును. రెండవది: ఆమె సేవ ఒకనాటి ఉత్సవము కాదు. బిడ్డకు ప్రతిదినము ఆకలియగును. కావున ప్రతిదినము పాలు పట్టెను.

2. ఓడరేవు పట్టణము, ఒంటరి కుటుంబము

మన విశాఖపట్టణము శ్రమజీవుల పట్టణము. 1933 లో ఓడరేవు ప్రారంభమయ్యెను. 1941 లో నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన జరిగెను. 1957 లో చమురుశుద్ధి కర్మాగారము వచ్చెను. ఎందఱో ప్రాణములర్పించిన 1966 నాటి ఉద్యమము పిమ్మట 1971 లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేయబడెను. 1992 లో అది జాతికి అంకితమయ్యెను. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండియు, ఒడిశానుండియు వేలాది కుటుంబములు ఇక్కడికి తరలివచ్చినవి. కాయకమునకు లోటు లేని ఊరు ఇది.

కాని ఆ కుటుంబములు తమవెంట తెచ్చుకొనలేకపోయినది ఒకటి కలదు. పల్లెలో మేనమామ ఇల్లు గోడకు ఆవలనే యుండును. నాయనమ్మ వాకిట కూర్చుండియుండును. ఇంటి పెద్ద మంచమెక్కినను పిల్లలకు ఒకపూట గంజి ఎవరో ఒకరు పోయుదురు. పట్టణమున అద్దెగదిలో కాపురముండు కాంట్రాక్టు కూలీకి ఆ గోడ లేదు. సంపాదించువాడు పడిపోయిన మఱునాటినుండియే అద్దె, బియ్యము, బడి మూడును ఒకేసారి ప్రశ్నలగును.

పెద్ద ఆపదలు లోకమునకు కనబడును. 1997 సెప్టెంబరు 14 న చమురుశుద్ధి కర్మాగారములో అగ్నిప్రమాదము సంభవించెను. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను నగరమును అతలాకుతలము చేసెను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములో విషవాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. అట్టి వేళలందు అన్నపు పొట్లములు, దుప్పట్లు, విరాళములు వెల్లువగా వచ్చినవి. అది ఈ నగర ప్రజల మంచితనము. అయితే చప్పుడు చేయని ఆపదలు వేఱుగా కలవు. తండ్రి త్రాగుడు, తల్లి క్షయవ్యాధి, నూటికి పది వడ్డీ అప్పు, భర్త విడిచిపోయిన యువతి: వీని వార్త పత్రికలో రాదు. పిల్లవాడు బడి మానుటయే వీనికి మొదటి గుర్తు. ఉపాధ్యాయుడు హాజరుపట్టీలో చూచునది ఆ గుర్తునే.

3. నా పొరపాటు

ఇతరులకు నీతి చెప్పుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట ధర్మము. పది సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఏడవ తరగతి బాలుడొకడు వరుసగా రెండు వారములు రాలేదు. ఇంటికి పోయి విచారింపగా, ఓడరేవులో బస్తాలు మోయు తండ్రి జబ్బుచేసి మరణించినట్లు తెలిసినది. తల్లి, ఈ బాలుడు, వాని చెల్లెలు. మూడు నెలల అద్దె బాకీ. నాకు పరిచితుడైన ఒకరు, దూరపు జిల్లాలోని ఒక ఆశ్రమము పిల్లలను ఉచితముగా చేర్చుకొనునని చెప్పినారు. నేను ఆ తల్లిని ఒప్పించి, బాలునికి కొత్తబట్టలు కొని, రైలెక్కించితిని. గొప్ప పుణ్యకార్యము చేసితినని తలచితిని. తోటి ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి.

ఆఱు నెలల తరువాత ఆ తల్లి పాఠశాలకు వచ్చినది. బిడ్డనుండి ఉత్తరము లేదు. ఫోను చేసిన మాటాడనిచ్చుట లేదు. ఆమె నన్ను నిందింపలేదు. ఒక్క మాట అన్నది: “మాస్టారుబాబూ, మా ఇంట్లో లేంది బియ్యవేగానీ, బిడ్డ కాదు గదా!”

ఆ మాటకు నాయొద్ద సమాధానము లేదు. మేమిద్దఱమును పోయి చూచితిమి. ఆ ఇంటికి రిజిస్ట్రేషను లేదు. బాలుని ఏ బడిలోను చేర్చలేదు. వంటయింటిలో గిన్నెలు తోముచుండెను. వానిని వెంటబెట్టుకొని వచ్చితిమి. వాడు రైలులో తల్లి కొంగు విడువలేదు. ఒక సంవత్సరము చదువు పోయినది.

అప్పుడు మా వీధిలోని నాలుగు ఇండ్లవారము కూడుకొంటిమి. ఒకరు నెలకు ఇరువదియైదు కిలోల బియ్యము, ఇద్దఱు కలిసి అద్దె, నేను పుస్తకములు. వితంతు పింఛనుకై దరఖాస్తు వ్రాసి, కార్యాలయమునకు ఆమెతో నడిచితిమి. మా నలుగురికి ఏడాదికి అయిన వ్యయము ఒక పుట్టినరోజు విందు ఖర్చును మించలేదు. ఇది మొదటనే చేసియున్నచో ఆ బిడ్డ తల్లికి దూరమై యుండడు.

దీనివలన నేను నేర్చుకొన్న సూత్రము ఇది: తల్లి యున్న బిడ్డకు ఆ తల్లిని నిలబెట్టవలెను, తల్లి లేని బిడ్డకు మనము తల్లి కావలెను. మొదటిది చేయవలసినచోట రెండవది చేయుట సేవ కాదు, అపచారము.

4. చట్టము చెప్పునది

2015 నాటి బాలల న్యాయ చట్టము కూడ ఇదే మార్గమును చెప్పుచున్నది. బిడ్డ బాధ్యత ముందుగా కుటుంబమునకే చెందును. ఆశ్రమములో ఉంచుట అన్ని ఉపాయములు తప్పిన పిమ్మట చేయదగిన చివరి పని. ఈ చట్టము ప్రకారము పదునెనిమిది సంవత్సరములు నిండనివారందఱు బాలలే. దిక్కులేని బిడ్డ కనబడినచో పోలీసులకు గాని, 1098 సంఖ్యకు గాని తెలుపవలెను. 1996 లో బొంబాయిలో చైల్డ్‌లైన్ పేర ప్రారంభమైన ఈ టెలిఫోను సేవను 2023 నుండి ప్రభుత్వమే నడుపుచున్నది. బిడ్డను ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ కమిటీ ముందు నిలుపవలెను. ఈ కమిటీలో ఒక అధ్యక్షుడును నలుగురు సభ్యులును ఉందురు. సభ్యులలో ఒకరైనను స్త్రీ కావలెను. బిడ్డ ఎక్కడ ఉండవలెనో నిర్ణయించుట ఆ కమిటీ పని. నావంటి ఉపాధ్యాయుని పని కాదు.

సంతానము లేని దంపతులు ఆసుపత్రిలోనో, గుడి మెట్లమీదనో దొరికిన శిశువును దైవప్రసాదమని ఇంటికి కొనిపోవుట కలదు. వారి మనస్సు మంచిదే. అయినను అట్లు చేయరాదు. ఆ శిశువును వెదకుచున్న తల్లి ఎక్కడనో ఉండవచ్చును. బిడ్డను కమిటీకి అప్పగించిన తల్లిదండ్రులకు సైతము మనస్సు మార్చుకొనుటకు రెండు నెలల గడువును చట్టము ఇచ్చుచున్నది. అనాథ శిశువుల దత్తత కారా యను కేంద్ర సంస్థ ద్వారా జరుగవలెను.

ఇంకొక మాట. మిషన్ వాత్సల్య పథకము క్రింద 2022 లో వెలువడిన మార్గదర్శకములలో, వితంతువులు మొదలగువారి పిల్లలు కుటుంబములోనే ఉండి చదువుకొనుటకు నెలకు 4,000 రూపాయల సహాయము చెప్పబడినది. పట్టణమున కుటుంబ ఆదాయము ఏడాదికి 96,000 రూపాయలు, గ్రామమున 72,000 రూపాయలు మించరాదు. జిల్లా బాలల సంరక్షణ విభాగములో దరఖాస్తు చేయవలెను. చదువురాని తల్లికి ఆ దరఖాస్తు నింపిపెట్టుట గంట పని. ఆ గంట కూడ దాసోహమే.

5. ఆశ్రయము అవసరమైనప్పుడు

ఎవరును లేని బిడ్డలకు ఆశ్రయము తప్పనిసరి. అట్టి సేవకు మన నగరమున పాత చరిత్ర కలదు. 1930 లో స్థాపితమైన ప్రేమసమాజము డాబాగార్డెన్సులో అనాథ బాలలకును వృద్ధులకును ఆశ్రయమిచ్చుచు వచ్చినది. విజయవాడలో 1989 లో నవజీవన్ బాలభవన్ వీధిబాలల కొఱకు ఏర్పడెను. దానిని స్థాపించినవారు క్రైస్తవ సాధువులు. మంచిపని ఎవరు చేసినను నమస్కరింపదగినదే.

మన మఠములలో తుమకూరు సిద్ధగంగామఠము ఆదర్శము. 1941 లో పీఠాధిపత్యము వహించి, 2019 లో నూటపదునొకండు సంవత్సరముల వయస్సున లింగైక్యము చెందిన శ్రీ శివకుమార స్వామివారి కాలమున దాదాపు పదివేలమంది విద్యార్థులకు కులభేదము లేక అన్నము, వసతి, విద్య ఉచితముగా లభించినవి. ఇది విద్యార్థినిలయము. తల్లిదండ్రులున్న బిడ్డకు చదువు నిచ్చి, మరల ఇంటికి పంపు పద్ధతి. బిడ్డను ఇంటినుండి తెంచుట వేఱు, ఇంటి భారమును పంచుకొనుట వేఱు.

ఏ సంస్థకైనను విరాళమిచ్చుటకు ముందు ఈ క్రింది విషయములు విచారింపుడు.

(అ) చట్టప్రకారము రిజిస్ట్రేషను ఉన్నదా? అడిగినచో పత్రము చూపుదురా?

(ఆ) ప్రతి బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ఆజ్ఞతోనే చేర్చుకొనిరా?

(ఇ) పిల్లలు బడికి పోవుచున్నారా? బంధువులున్నచో వారిని కలియనిచ్చుచున్నారా?

(ఈ) జమాఖర్చులు చూపుచున్నారా?

(ఉ) పిల్లల ముఖములను, వారి దుఃఖకథలను విరాళముల కొఱకు ప్రచురించుచున్నారా? సంరక్షణలో ఉన్న బాలుని గుర్తు తెలియునట్లు ప్రచురించుట చట్టవిరుద్ధము, బిడ్డకు అవమానము.

మన పక్షమునను ఒక దిద్దుబాటు అవసరము. పుట్టినరోజునాడు మిఠాయిలు పంచి, పిల్లలను వరుసగా నిలిపి ఫోటో తీయించుకొని వచ్చుచున్నాము. ఆ రోజు మూడు కుటుంబములు మిఠాయిలు తెచ్చును. మఱునాడు పప్పునకు లోటుండును. విందుకు బదులు నెలనెలకు బియ్యమో, వైద్యఖర్చో, లెక్కల పాఠమో ఇచ్చుట మేలు. పేరు వ్రాయించుకొనకుండ ఇచ్చుట ఇంకను మేలు.

మఠములకు ఒక మనవి. ప్రతి మఠములోను ముగ్గురు నలుగురు పెద్దలు, వారిలో తప్పక స్త్రీలు, ఒక చిన్న సంఘముగా ఏర్పడి, తమ పేటలో బడి మానిన బిడ్డ ఉన్నదా యని నెలకొకసారి విచారించినచో, ఆపద ముదురకముందే తెలియును. ఇందుకు భవనము అక్కఱలేదు, శిలాఫలకము అక్కఱలేదు.

6. ఆలోచింపదగిన ప్రశ్నలు

1. బెజ్జమహాదేవి శివుని భిక్షాటనమునకు కారణముగా దేనిని భావించెను? మన వీధిలో కనబడు బాలుని విషయమున మనమేమి భావించుచున్నాము?

2. దానమునకు, దాసోహమునకు గల భేదమును మీ ఇంట జరిగిన ఒక ఉదాహరణతో చెప్పుడు.

3. మీ వీధిలో ఒక కుటుంబము పెద్ద దిక్కును కోల్పోయినచో మొదటి వారములో మీరు చేయగల మూడు పనులేవి?

4. మీరు విరాళమిచ్చుచున్న సంస్థను పై ఐదు ప్రశ్నలు అడిగితిరా?

ముగించుటకు ముందు పై కథలోని మిగిలిన భాగము చెప్పవలెను. ఆ తల్లికి ఏడాది కావచ్చిన సమయమున ఒక పాఠశాలలో మధ్యాహ్నభోజనము వండు పని దొరికినది. బాలుడు తరువాత పదవ తరగతి ఉత్తీర్ణుడయ్యెను. పని దొరికిన నెలలోనే ఆమె మా ఇంటికి వచ్చి, “ఈ నెల నుంచి మాకు బియ్యం వద్దు బాబూ. పక్క వీధిలో మొగుడు పోయినామె ఉంది. ఆమెకి ఇప్పించండి” అన్నది. మఱునాడు ఆమెయే ముందు నడచి ఆ ఇల్లు చూపినది.

దాసోహమను మాటకు అర్థమును పండిత శిక్షణలో నేను చదివితిని. ఆచరణలో చూపినది ఆ తల్లి.